గంగులు కూకున్న ఆట

మా జట్టు మెస్త్రీ గంగులు కూకోగా సూసినోడు రాజాంలో ఎవుడూ లేడు. పడుకుంటాడు, నిలబడతాడు. ఆ రెంటికీ మజ్జిలో ఉండేది ఆడి ఒంటికి తెలీదు.

ఎటకారానికి సెప్పడం లేదు. ఇద్దరం ఒకే ఏడు బస్తాలు మోసే కళాసీ పనిలోకి దిగినాం. నా మీసం నల్లగా ఉన్నప్పట్నుంచీ ఆడిని సూస్తన్నాను. టీ నిలబడే తాగుతాడు. కూడూ నిలబడే తింటాడు. కేరేజీ గిన్ని బస్తాల లాటు మీద ఎట్టుకుని గోడకేసి సూసుకుంటా తింటాడు. బస్సులో సీట్లన్నీ కాళీగా ఉన్నా కమ్మీ ఒట్టుకుని ఏలాడతాడు. కండెట్రు "కూకోవయ్యా, టిక్కెట్టు కొన్నావు గదా" అంటే, "నా సీటు ఇంకోడికి ఇచ్చీ" అంటాడు. మంగలి కొట్లో ఈడు నిలబడతాడు, మంగలి స్టూలెక్కుతాడు. ఆదారు కారడు ఫొటోకి కుర్సీ ఏస్తే, ఎల్లి కుర్సీ ఎనక నిలబడి దాని వీపు ఒట్టుకుని నవ్వినాడు. ఆళ్లు సెప్పి సెప్పి ఇసిగిపోయి కెమేరానే బల్లెక్కించినారు.

ఆడి పెళ్లాం కూర్మమ్మని అడిగితే పెళ్లిలోనూ అంతేనంటాది. పీట మీద కూకోవాల గదా. ఈడు పీటకి జానెడు ఎత్తులో ఆగిపోనాడంట. నిలబడ్డట్టూ కాదు, కూకున్నట్టూ కాదు. పెళ్లికొడుకు కాళ్లు వణుకుతన్నాయని పంతులుగారు మంత్రాలు బేగి బేగి సదివీసినారంట.

ఎందుకురా అంటే ఆడి లెక్క ఆడికున్నాది. బరువు మోసేది బుజం కాదంట, మోకాలంట. మోకాలికి ఒకపాలి సుకం మరిగించినామంటే మరింక మాట ఇనదంట. పనిలోకి దిగిన కొత్తలో ఎవుడో ముసిలి కళాసీ ఈ మాట సెవిలో ఏసీసి ఎల్లిపోనాడు. అది ఎంత నిజమో నాకు తెలీదు. నాను సందు దొరికితే కూకుంటాను. నా మోకాళ్లూ నొప్పే, ఆడి మోకాళ్లూ నొప్పే.

ఇంకొకటి కూడా ముందే సెప్పీయాల. మా జట్టుకి ఒక కట్టుబాటు ఉన్నాది. బస్తా దించీసి కూకున్నోడిని లెగమని ఎవుడూ అనకూడదు. సావుకారనకూడదు, లారీ డ్రైవరనకూడదు, మెస్త్రీ కూడా అనకూడదు. ఆడంతటాడే లెగాల. ఎండలో బరువు మోసినోడి లోపల ఏటవుతాదో బయటోడికేటి తెలుస్తాది. ఎనకటికి ఇంకో జట్టులో ఒకడ్ని తొందరపెట్టి లేపినారు. ఆడు రెండడుగులు ఏసి, లారీకేసిన బల్ల మీంచి బస్తాతో సహా పడిపోనాడు. మరి పనిలోకి రాలేదు. ఆ సంగతి మా సెవిన పడిన పొద్దునే గంగులు ఈ కట్టుబాటు ఎట్టినాడు. జల్మలో కూకోనోడు, కూకునేవోళ్ల కోసం ఎట్టినాడు. ఇంతవరకూ మాలో ఎవుడూ దాన్ని దాటలేదు.

ఇంక గోవింద్ సంగతి. గోవింద్ మా అప్ప కొడుకు. ఎచ్చెర్లలో కంప్యూటరు సదివినాడు. కొన్నాళ్లు వైజాగులో ఉద్దోగం సేసినాడు. అక్కడ పొద్దస్తమానం కూకోబెట్టీసి నడుం పట్టీసిందని ఒగ్గీసి వొచ్చీసినాడు. వొచ్చి ఏటి సేసినాడంటే, మా గోడౌను పక్కన గోనిసంచుల కొట్టు మీద అటక గదిలో కూకున్నాడు. అక్కడా కూకోడమే, ఇక్కడా కూకోడమే గదరా అంటే, "అక్కడ ఆళ్ల పని మీద కూకున్నాను మావ, ఇక్కడ నా పని మీద కూకున్నాను" అన్నాడు.

ఆడి పని ఏటంటే ఆట తయారు సెయ్యడం. ఫోన్లో ఆడే ఆట. ఇలాటియి పెద్ద కంపినీల్లో మందలు మందలుగా కూకుని సేస్తారంట. ఈడు ఒక్కడే. బొమ్మ ఈడే గీస్తాడు, అది ఎలగ నడవాలో ఈడే సెప్తాడు, సప్పుడు ఈడే ఎడతాడు. సప్పుడు కోసం ఒకనాడు గోడౌనుకొచ్చి మా నోటి కాడ ఫోను ఎట్టి బస్తాలెత్తమన్నాడు. మేం ఎత్తినాం. మా జట్టులో పెద్దోడు నరసింగరావుకి బస్తా బుజానికెత్తినప్పుడల్లా ఒక బూతు మాట వస్తాది. అది కూడా ఫోన్లోకి ఎల్లిపోనాది.

ఆట పేరు "బస్తా". మరింకేటీ లేదు అందులో. ఒక కళాసీ, ఒక లారీ, ఒక గోడౌను. లారీలో ఉన్న దాన్యం బస్తాలన్నీ బల్ల మీద నడుసుకుంటా మోసి, లోన లాటు కట్టాల. కట్టీసినాక ఆట అయిపోతాది.

గోవింద్ తండ్రి గణపతిరావు, నాకు బావ, ఎరువుల కొట్లో గుమస్తా. మంచోడు. కొడుకుని తిట్టడు, కొట్టడు, ఎదురుగా నిలబడి నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పుకి గోవింద్ సగం అయిపోనాడు. ఎరువుల కొట్టు ఓనరు గోవింద్‌ని కూడా పనిలోకి ఎట్టుకుంటానన్నాడు, బుదారం నుంచి రమ్మన్నాడు. గోవింద్ రానన్నాడు. తండ్రీ కొడుకులు రెండు పూటలు మాటాడుకోలేదు. మూడో పూట బావే వొచ్చి, మా జట్టంతా ఇంటుండగా ఒక ఒప్పందం సెప్పినాడు.

"ఇది కళాసీల ఆట అంటన్నావు. మీ మావ జట్టులో ఒక్కడు, ఆడంతటాడు ఇష్టపడి, ఆకరి దాకా ఆడినాడంటే ఇంకో ఏడాది నిన్నేటీ అనను. అటకెక్కి కూకో. కళాసీలే ఆడకపోతే మరింకెవుడాడతాడురా? అప్పుడు నువ్వు నోరెత్తకుండా ఎరువుల కొట్లోకి వొచ్చీయాల."

గోవింద్ సరేనన్నాడు. మంగళోరం మజ్జానం దాకా గడువు. గుంటడికి నమ్మకం. ఇంతమందిలో ఒక్కడాడడేటి అనుకున్నాడు. నానూ అలాగే అనుకున్నాను.

మర్నాడు టీ ఏలకి ముందు ఫోను తెచ్చినాడు. ఇది ఆట మొత్తం కాదు, డెమో, దీన్ని ఆకరి దాకా ఆడినా సాలని తండ్రి ఒప్పుకున్నాడన్నాడు. డెమో అంటే ఏటిరా అన్నాను. "పెళ్లిసూపుల్లాటిది మావ. మొత్తం సూపించరు. సూసినంతలోనే నచ్చాల."

"పిల్ల పాట పాడతాదేటి" అన్నాడు నరసింగరావు.

"పాడతాది. నీ గొంతుతోనే" అన్నాడు గోవింద్.

మేనమావని కాబట్టి ముందు నా సేతికిచ్చినాడు. ఎలగున్నాదో దాపరికం లేకుండా సెప్పమన్నాడు. సెప్తాను. తెర మీద పొద్దు పొడిసినాది. లారీ వొచ్చి ఆగినాది. డ్రైవరు దిగలేదు, లోన కూకుని ఫోను సూసుకుంటన్నాడు. అది సూడగానే ఈ ఆట నిజవేననిపించినాది. బస్తాల మీద ఒక పిల్లి పడుకున్నాది. దాన్ని లేపకుండా పక్క బస్తా లాగాల. బస్తా బుజానికెక్కగానే నరసింగరావు బూతు వినబడినాది. జట్టంతా నవ్వినారు, ఆడు తప్ప. బల్ల మీద అడుగేస్తే బల్ల ఒంగినాది. తెర మూలని ఎర్ర గీత ఒకటున్నాది, అది ఊపిరంట. మోసిన కొద్దీ తగ్గిపోతాది. అది తగ్గిపోతంటే నాకు నిజంగా రొప్పు వొచ్చీసినాది. పొద్దుట్నుంచీ బుజంతో మోసినోడిని, కూకుని మల్లీ ఏళ్లతో మోస్తన్నాను. ఎవుడైనా కావాలని ఇలాటి పని సేస్తాడేటి అనిపించినాది. గుంటడి మొగం సూసి అనలేదు.

ఒక బస్తా నా సేతిలోంచి జారి కింద పడకండా పైకెల్లిపోనాది. అలా ఎల్లి ఎల్లి ఆకాసంలో కనబడకండా పోనాది. గోవింద్ కంగారుపడి, అది తప్పు, సరిసేస్తాను మావ అన్నాడు. నరసింగరావు గోడౌను బయటికెల్లి తల పైకెత్తి సూసొచ్చినాడు.

అయితే నాను సూసింది ఇంకోటున్నాది. ఆ బొమ్మోడు ఎడం బుజం కిందకేసి, బాతులాగ అటూ ఇటూ ఊగుతా నడుస్తన్నాడు. తలకి గళ్ల తువ్వాలు. బస్తా ఏసీసి తిరిగొచ్చినప్పుడు సెయ్యి నడుం మీదకి పోతాది.

"ఇది మన గంగులు గదేట్రా" అన్నాను.

"మరెవుడనుకున్నావు మావ" అన్నాడు గోవింద్, తల ఒంచుకుని.

అంతలో టీ వొచ్చినాది. ఫోను లాటు మీద ఎట్టీసి గ్లాసందుకున్నాను. తాగీసి వొచ్చి సూద్దును గదా, బొమ్మోడు ఒక బస్తా మీద కూకుని, తువ్వాలిప్పి మొగం తుడుసుకుంటన్నాడు.

పక్కనున్నోడి సెయ్యి ఒట్టుకుని సూపించినాను. ఆడు ఇంకోడికి సూపించినాడు. ఎవుడో మెల్లగా అన్నాడు, "గంగులు కూకున్నాడు."

ఆటని కాసేపు ముట్టకపోతే ఆ బొమ్మోడు ఊరికే బొమ్మలా నిలబడిపోకుండా కూకునేటట్టు గీసినాడంట గోవింద్. తువ్వాలు ముడి ఇప్పడానికే శానా కష్టపడినాడంట. గంగులు కూకోడన్న సంగతి ఆ గుంటడికి తెలీదు. ఎప్పుడూ పనిలోనే సూసినాడు గదా, పనిలో ఎవుడైనా నిలబడే ఉంటాడనుకున్నాడు.

కబురు ఎలగ పాకినాదో పాకినాది. పక్క గోడౌను కళాసీలు వొచ్చినారు. కాటా ఏసే దేవి వొచ్చినాది. కింద పడిన గింజలు ఊడ్సుకునే జగ్గమ్మ సీపురుతో సహా వొచ్చి, ఫోను మీదకి ఒంగి సూసి, "ఓలమ్మ, నా కళ్లు మూతలడేలోపల ఇది సూస్తాననుకోలేదు బాబూ" అన్నాది. నిజం గంగులు పక్కనే లాటుకి సేరబడి నిలబడి ఉన్నాడు. ఎవులూ ఆడికేసి సూడలేదు. అందరూ కూకున్న గంగులినే సూస్తన్నారు.

ఆకరికి గంగులే వొచ్చినాడు. తోవిచ్చినారు. సెయ్యి నడుం మీద ఎట్టుకుని శానాసేపు సూసినాడు.

"కూకుంటే ఎలగున్నాదంటారు ఆడికి?" అన్నాడు.

జవాబు కోసం అందరం మల్లీ ఫోనుకేసి ఒంగినాం.

కాసేపటికి గోవిందే తేరుకుని, మావా ఇంక నొక్కు, లెగుస్తాడు, ఇంకా శానా బస్తాలున్నాయన్నాడు. నాను ఫోను తీసుకున్నాను. బొటనేలు తెర కాడికి తీసుకెల్లినాను. అక్కడే ఆగిపోనాది. కూకున్నోడిని నాను లేపడం ఏటి. నరసింగరావుకిచ్చినాను. ఆడు నిప్పు ముట్టుకున్నట్టు పక్కోడికిచ్చీసినాడు. ఫోను జట్టంతా తిరిగి, ఎవుడి ఏలూ పడకండా నా కాడికే వొచ్చినాది.

"అది బొమ్మ మావ" అన్నాడు గోవింద్.

"బొమ్మైతే మాత్రం మోసింది నిజం గదరా. సూడు, ఎలగ రొప్పుతన్నాడో" అన్నాడు నరసింగరావు. "ఆడంతటాడు లెగనీ."

"ఆడంతటాడు లెగడు పెద్దయ్యా. నువ్వు నొక్కితేనే లెగుస్తాడు."

"అలాటోడిని అస్సలు లేపకూడదు" అన్నాడు నరసింగరావు.

గోవింద్ తల ఒట్టుకుని బస్తా మీద కూలబడిపోనాడు. మరింక ఆడినీ ఎవుడూ లెగమనలేదు.

ఆ పొద్దు నుంచీ ఆ ఫోను మా గోడౌన్లోనే ఉండిపోనాది. తీసుకుపోతే ఎవుడూ ఆడడని గోవింద్ భయం. మావాళ్లు దాన్ని బాగా సూసుకున్నారు, అందులో వొంక లేదు. కిటికీలోంచి ఎండ పడతంటే ఫోను నీడలోకి జరిపినారు. జగ్గమ్మ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి దాని పక్కనెట్టినాది. తెర సీకటైపోతే ఆడికి ఊపిరాడదేమోనని దేవి అస్తమానం సార్జింగు ఎట్టేది. బస్తా మోసుకెల్తా ప్రతీవోడూ ఒక సూపు సూసి, ఉన్నాడా అంటే ఉన్నాడు అనుకునేవోళ్లం. ఆట్లో పొద్దు గూకేది, మల్లీ తెల్లారేది. లారీ డ్రైవరు ఫోను సూసుకుంటానే ఉన్నాడు. పిల్లి పడుకునే ఉన్నాది. గంగులు కూకునే ఉన్నాడు. ఆడు కూకున్నాడన్న మాటకే మాకెందుకో పని తేలికయినాది.

మనసు ఉండబట్టక గోవింద్ ఒక ఉపాయం సేసినాడు. అటకెక్కి పనిసేసి, కూకోడం తీసీసి కొత్త ఆట తెచ్చినాడు. ఇందులో బొమ్మోడు ముట్టకపోయినా నిలబడే ఉంటాడు. ఇంక లేపాల్సిన బాద లేదు, ఆడండి అన్నాడు.

నరసింగరావు ఫోను తిప్పి తిప్పి సూసినాడు. "మొన్న కూకున్నోడేడి?"

"ఈడేనండి. కూకోకండా సేసినాను."

"కూకున్నాడని పనిలోంచి తీసీసినావా?"

గోవింద్ ఏటి సెప్పినా మావాళ్లు ఇనలేదు. కూకున్నోడిని లెగమనడమే తప్పయితే, కూకునే వీలే లేకండా సెయ్యడం ఇంకెంత తప్పు. ఆ మజ్జానం జట్టంతా బస్తాలు లాగే కొంకీలు కిందెట్టీసి కూకున్నారు. బయట లారీ ఆగిపోనాది. సావుకారి పరిగెట్టుకొచ్చి ఏటయ్యా మీ డిమాండు అంటే, ఆ ఫోన్లోవోడిని మల్లీ కూకోబెట్టాల అన్నాం. సావుకారి మమ్మల్ని సూసినాడు, ఫోను సూసినాడు, గోవింద్‌ని సూసినాడు. "కూకోబెట్టీ బాబూ, నీకు దండం ఎడతాను" అన్నాడు. గోవింద్ కూకోబెట్టినాడు. మేం లెగిసినాం.

ఇలాగే మంగళోరం వొచ్చీసినాది. మజ్జానం బావ గణపతిరావు టీవీఎస్సు మీద వొచ్చినాడు. అండిలుకి ఒక సంచి తగిలించి ఉన్నాది. అందులో కొత్త తెల్ల సొక్కా, రేపు కొట్లోకి తొడుక్కెల్లడానికి. వొచ్చి, ఎవులైనా ఆకరి దాకా ఆడినారేటి సినబాబూ అని నన్నే అడిగినాడు. లేదన్నాను. గెలిసినానని ఎగరలేదు ఆయన. "ఆట మంచిదే కావొచ్చురా బాబూ. ఆడేవోడు లేనప్పుడు ఏటి సేస్తాం" అని సంచిలోంచి సొక్కా తీసి కొడుకు సేతికిచ్చి నిట్టూర్చినాడు.

గోవింద్ సొక్కా సంకలో ఎట్టుకుని, ఫోను తీసీడానికి లాటు కాడికెల్లినాడు. ఆడిని సూస్తే నాకు ఏడుపొచ్చినాది. రెండేళ్లు అటక మీద ఉక్కలో కూకున్నాడు ఆ గుంటడు. అందరూ ఇష్టపడినారు, అందుకే ఎవుడూ ఆడలేదు.

"ఒరే, ఆగు" అన్నాడు గంగులు.

లాటుకి సేరబడినోడు కాస్తా ముందుకొచ్చినాడు. "ఆ బొమ్మోడు ఎవుడు?"

"నువ్వే మెస్త్రీ" అన్నాడు గోవింద్.

"నానే గదా. మరి నన్ను నాను లేపుకుంటే తప్పేటి?"

జట్టంతా ఆలోసన్లో పడిపోనారు. నరసింగరావు సుట్ట ఎలిగించి, రెండు దమ్ములు లాగి, కట్టుబాటు మల్లీ పైకి సెప్పినాడు. కూకున్నోడిని ఇంకోడు లేపకూడదు. ఆడంతటాడే లెగాల. ఆ కూకున్నోడు గంగులు. ఈ నిలబడ్డోడూ గంగులు. ఈడు లేపితే ఆడంతటాడు లెగిసినట్టే. "సరిపోతాది" అన్నాడు. బావ కూడా తలూపినాడు. గుమస్తా గదా, ఆయనకి లెక్క కుదిరితే సాలు.

గంగులు ఫోను తీసుకున్నాడు. బొటనేలితో నొక్కినాడు. ఏటీ అవలేదు. మల్లీ నొక్కినాడు. ఆడి ఏళ్లు కాయలు కాసి రాయిలాగుంటాయి, అది మనిసి ఏలని ఫోనుకి తెలీలేదు. జగ్గమ్మ తన గ్లాసులో నీళ్లతో ఆడి బొటనేళ్లు రెండూ తడిపి, కొంగుతో గట్టిగా రుద్దినాది. ఈసారి నొక్కితే బొమ్మోడు తువ్వాలు తలకి సుట్టుకుని లెగిసినాడు. అందరం ఊపిరి పీల్సుకున్నాం.

అయితే గంగులు నిలబడే ఆడతన్నాడు. బొమ్మోడు ముందుకెల్తే ఈడూ ముందుకెల్తన్నాడు. బొమ్మోడు బస్తా ఎత్తితే ఈడు మోకాళ్లొంచి ఊపిరి బిగబడతన్నాడు. ఆడు తిరిగితే ఈడూ తిరుగుతన్నాడు. నువ్వు నడవక్కల్లేదు మెస్త్రీ అని గోవింద్ సెప్తానే ఉన్నాడు. ఈడి కాళ్లు ఇంటేనా. ఆట్లో బల్ల మీదకెక్కే సమయానికి ఈడు కాటా మీదకెక్కీసినాడు. దేవి అలవాటు కొద్దీ తూకం సదివీసినాది. ఈడు ఉలిక్కిపడినాడు, ఆట్లో బల్ల మీంచి బొమ్మోడు పడిపోనాడు. పడి, లెగిసి, దుమ్ము దులుపుకుని, ఎల్లి బస్తా మీద కూకున్నాడు.

మల్లీ మొదలెట్టినాడు. ఈసారి గోడకి గుద్దుకున్నాడు. మల్లీ కూకున్నాడు బొమ్మోడు.

బావ ఎండకేసి సూసినాడు. ఎల్లాల, కొట్టు తెరిసే ఏల అయిపోతన్నాదన్నాడు. గోవింద్ నోట్లోంచి మాట జారిపోనాది.

"కూకుని ఆడితే కాళ్లు కదలవు మెస్త్రీ."

అనీసినాక ఆడికి తెలిసినాది ఏటన్నాడో. జట్టంతా నేల సూస్తన్నారు. లెగమని అనకూడదని కట్టుబాటున్నాది గాని, కూకోమని అనకూడదని లేదు. ఎందుకంటే గంగులికి ఆ మాట సెప్పే దైర్నం ఎవుడికీ ఎప్పుడూ రాలేదు.

గంగులు ఫోన్లో కూకున్నోడిని సూసినాడు. గోవింద్ సంకలో ఉన్న తెల్ల సొక్కా సూసినాడు. ఎనక్కి సెయ్యెట్టి బస్తాని తడిమినాడు, అది ఉన్నాదా లేదా అన్నట్టు. తరవాత దిగడం మొదలెట్టినాడు. పాత గేటు తెరిసినట్టు దిగినాడు. మోకాళ్ల సప్పుడు కాటా కాడికి వినబడినాది. పెళ్లిలో ఆగిపోయిన ఆ జానెడు కాడ ఇక్కడా ఒకసారి ఆగినాడు. నాను కళ్లు మూసుకున్నాను. తెరిసేసరికి ఆడు బస్తా మీద ఉన్నాడు.

అప్పుడు ఆడినాడు. మేం ఆడి సుట్టూ నిలబడినాం. పిల్లిని లేపకండా బస్తా లాగినాడు. బల్ల మీద ఒంటికాలి మీద నిలబడి ఊపిరి నిలుపుకున్నాడు. ఎర్ర గీత తగ్గిపోతే తొందరపడకండా బొమ్మోడిని ఆగనిచ్చినాడు. నరసింగరావు బూతు వినబడినప్పుడల్లా నరసింగరావే "ఊఁ" అన్నాడు. నాను ఎప్పుడో ఆకాసంలోకి పంపించీసిన బస్తా గోవింద్ సరిసేసినాడో లేదోనని నాకు ఒకటే గుబులు. ఆకరి బస్తా లాటు మీద పడినాది. లాటు నిండినాది. తెర మీద డ్రైవరు మొదటిసారి ఫోన్లోంచి తలెత్తి సూసినాడు. బొమ్మోడి సేతిలోకి టీ గ్లాసు వొచ్చినాది. ఆడు ఎల్లి బస్తా మీద కూకున్నాడు. ఇంక ఆపైన ఆట లేదు.

"అయిపోనాదా?" అన్నాడు గంగులు.

"డెమో అయిపోనాది మెస్త్రీ" అన్నాడు గోవింద్.

"మిగతాది ఎప్పుడు?"

"ఏడాది పడతాది."

గంగులు బావకేసి సూసినాడు. "గణపతిరావు, మిగతాది కూడా సూడాల మరి."

బావ ముందుకొచ్చినాడు. కొడుకు సంకలోంచి తెల్ల సొక్కా తీసుకుని, మడతలు సరిసేసి, మల్లీ సంచిలో ఎట్టీసి అండిలుకి తగిలించినాడు. టీవీఎస్సు తొక్కతా, "ఉక్కగుంటాదిరా ఆ అటక. నాను సొక్కా తిరిగిచ్చీసి ఆ డబ్బులతో ఫేను తెస్తాను" అన్నాడు. ఎల్లిపోనాడు. ఈసారి నిట్టూర్పు వినబడలేదు.

అప్పుడే గేటు కాడ నిజం లారీ వొచ్చి ఆరను కొట్టినాది. మేం గంగులికేసి సూసినాం. గంగులు లెగలేదు. మల్లీ ఆరను. గంగులు ఫోను ఒళ్లో ఎట్టుకుని అలాగే ఉన్నాడు. మేమెవులం లెగమంటాం. సావుకారి కేకలేసుకుంటా లోనికొచ్చి, బస్తా మీద గంగులిని సూసి, కేక మజ్జిలో ఆపీసినాడు. మొగం పాలిపోనాది. "ఒరే, ఏటయినాదిరా మెస్త్రీకి, నూటెనిమిదికి ఫోను సెయ్యండి" అన్నాడు. ఏటీ అవలేదండి, కూకున్నాడంతే అని నాను సెప్పినాను. సావుకారి నమ్మలేదు. నాడి సూసి ఎల్లినాడు.

సావుకారి ఎల్లినాక గంగులు నన్ను పిలిసినాడు. ఒంగి సెవి ఒగ్గినాను.

"సినబాబు, ఇంత బాగుంటాదని ఇన్నాళ్లూ ఒక్కడూ సెప్పలేదేటిరా?"

నాను ఎల్లి లారీ కాడ బల్ల ఏసినాను. ఆ పొద్దు మెస్త్రీ లేకండానే లారీ దింపినాం. మోసుకెల్తా ప్రతీవోడూ ఒక సూపు సూసినాడు, ఉన్నాడా అంటే ఉన్నాడు. ఫోన్లో ఆడు, బస్తా మీద ఈడు. ఇద్దరూ లెగలేదు.

సాయంత్రం అయినా ఇంటికి రాకపోతే కూర్మమ్మ కేరేజీ ఒట్టుకుని ఎతుక్కుంటా వొచ్చినాది. గుమ్మం కాడ ఆగిపోనాది. మా అందరి మొగాలూ సూసినాది. మెల్లగా వొచ్చి మొగుడి ఎదురుగా నిలబడి కేరేజీ ఇప్పినాది. పెళ్లయినకాడ నుంచీ ఆయమ్మ సెయ్యి పైకెత్తే వడ్డించినాది. అలవాటు కొద్దీ గరిటి పైకెత్తి, అక్కడ ఎవులూ లేకపోతే, కిందకి దించినాది.

"ఇంకొంచెం పులుసెయ్యి" అన్నాడు గంగులు.